స్పెయిన్ ద్వీపానికి షిఫ్ట్ అవుతున్నారా? ఎన్ఐఈ నంబర్ ఇండియాలోనే తీసుకోవాలా, అక్కడికెళ్ళాకా, లేక మనిషిని పెట్టుకోవాలా?

నాకు నెలకి ఇద్దరు ముగ్గురైనా మెసేజ్ పెడతారు, "అక్కా మేం తెనెరీఫే వస్తున్నాం, ఎన్ఐఈ ఎక్కడ చేయించుకుంటే ఈజీ, ఎంత తీసుకుంటారు" అని. తెనెరీఫే అంటే స్పెయిన్‌కి చెందిన కెనరీ ద్వీపాల్లో ఒకటి. నేను తిరిగి అడిగేది ఒకటే, మీ దగ్గర ఏ పాస్‌పోర్ట్ ఉంది, ఏ వీసా మీద వస్తున్నారు అని. చాలామందికి ఈ ఎదురు ప్రశ్న నచ్చదు, వాళ్ళకి కావాల్సింది రేటూ టైమూ. కానీ ఆ రెండూ తేలకుండా దారి ఎంచుకుంటే ఏమవుతుందో నేను సొంత డబ్బులు తగలేసి మరీ నేర్చుకున్నా, ఆ కథ మధ్యలో చెప్తా.

ముందు ఈ నంబర్ ఏంటో రెండు ముక్కల్లో. ఎన్ఐఈ అంటే స్పెయిన్ ప్రభుత్వం విదేశీయులకి ఇచ్చే గుర్తింపు నంబర్, అక్కడివాళ్ళు "నియే" అని ఒకే మాటగా పలుకుతారు. మొదట ఎక్స్, వై, జెడ్‌లలో ఒక అక్షరం, తర్వాత ఏడు అంకెలు, చివర ఇంకో అక్షరం. మన పాన్ నంబర్ లాంటిది అనుకోండి. ఇల్లు కొనాలన్నా, కారు రిజిస్ట్రేషన్ అన్నా, ఉద్యోగంలో చేరాలన్నా, కరెంటు మీటర్ మన పేరు మీదకి మార్చుకోవాలన్నా, టాక్స్ కట్టాలన్నా ఇదే అడుగుతారు. ఒకసారి ఇచ్చారంటే జీవితాంతం అదే నంబర్.

కానీ ఇది ఉన్నంత మాత్రాన అక్కడ ఉండే హక్కు రాదు, ఈ పాయింట్ దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎన్ఐఈ ఒట్టి నంబర్, ఉండటానికి పర్మిషన్ ఇచ్చేది వీసా, ఆ పర్మిషన్‌కి సాక్ష్యంగా జేబులో పెట్టుకునే ప్లాస్టిక్ కార్డు పేరు టీఐఈ, దాన్ని "తియే" అంటారు. నియే, తియే వినడానికి కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి "నా ఎన్ఐఈ ఎక్స్‌పైర్ అయిపోయింది" అని కంగారుపడేవాళ్ళు ఎక్కువ, ఎక్స్‌పైర్ అయ్యేది కార్డు, నంబర్ కాదు. ఇంకోటి, ఇల్లు కొంటే రెసిడెన్సీ ఇచ్చే గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్ 3తో ఆగిపోయింది, కాబట్టి నంబర్ తీసుకుని ఫ్లాట్ కొనేస్తే అక్కడే ఉండిపోవచ్చు అని ఎవరైనా ఏజెంట్ చెప్తే ఫోన్ పెట్టేయండి.

అసలు విడిగా తీసుకోవాల్సిన అవసరం ఉందా

ఇండియన్ పాస్‌పోర్ట్ మీద, లాంగ్ స్టే వీసాతో వచ్చేవాళ్ళకి నా సలహా సూటిగా చెప్తున్నా, నంబర్ కోసం విడిగా ఏమీ చేయకండి. వర్క్ వీసా అయినా, సేవింగ్స్ చూపించి వచ్చే నాన్ లుక్రేటివ్ వీసా అయినా, అప్రూవ్ అయితే నంబర్ ఆ ప్రాసెస్‌లోనే పుడుతుంది, వీసా స్టిక్కర్ మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ప్రింట్ అయ్యి ఉంటుంది, చాలామంది దాన్ని చూసుకోరు కూడా. రిమోట్ ఉద్యోగం చేసుకునే డిజిటల్ నోమాడ్ వీసా ఒక్కటి వేరు, దానికి కాన్సులేట్‌లో నంబర్ ముందే అడగొచ్చు, అప్లై చేసేముందు కనుక్కోండి. టూరిస్ట్‌గా లీగల్‌గా వచ్చి అక్కడి నుంచే డిజిటల్ నోమాడ్‌కి అప్లై చేసుకునే దారి కూడా ఉంది, అప్పుడు వీసా కాకుండా నేరుగా 3 ఏళ్ళ దాకా పర్మిట్ ఇస్తారు, 20 పని దినాల్లో జవాబు రాకపోతే ఓకే అయినట్టే అని చట్టంలోనే ఉంది, అందులోనూ నంబర్ అప్రూవల్ లెటర్‌తోనే వస్తుంది.

ఇప్పుడు నా కథ. మేం హైదరాబాద్‌లో వీసాకి పేపర్లు పెట్టి ఎదురుచూస్తున్న టైమ్‌లో ఒక హెస్తోర్ పరిచయమయ్యాడు, హెస్తోర్ అంటే మన ఆర్టీఓ ఆఫీసు బయట ఏజెంట్లు ఉంటారే, అలాంటి పనే చేస్తారు కానీ అక్కడ వాళ్ళకి ఆఫీసు, బోర్డు, మర్యాద అన్నీ ఉంటాయి. "ముందే నంబర్ తీసేసుకుంటే దిగీ దిగగానే బ్యాంక్ అకౌంట్, అద్దె ఇల్లు అన్నీ చకచకా అయిపోతాయి" అన్నాడు. 220 యూరోలు. దానికి నేను ఇక్కడ ఒక పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, నోటరీ చేయించి, స్టేట్ లెవెల్ అటెస్టేషన్, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (మన కాగితం విదేశాల్లో చెల్లడానికి వేసే ముద్ర), మళ్ళీ స్పెయిన్ ప్రభుత్వం గుర్తించిన ట్రాన్స్‌లేటర్‌తో స్పానిష్ అనువాదం, ఆపైన కొరియర్. మొత్తం ఏడు వారాలు పట్టింది, ఖర్చు హెస్తోర్ ఫీజుని దాటిపోయింది.

సరే నంబర్ వచ్చింది, సంబరపడ్డాం. మూడు వారాలకి వీసా వచ్చింది. స్టిక్కర్ మీద ఇంకో నంబర్.

ఎందుకలా అయిందంటే పేరు వల్ల. పాస్‌పోర్ట్‌లో నా ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంది, మిగతా మూడు ముక్కల పేరు గివెన్ నేమ్‌లో ఉంది. పవర్ ఆఫ్ అటార్నీ టైప్ చేసినాయన మనం మామూలుగా రాసుకున్నట్టే ఇంటిపేరుతో మొదలుపెట్టి నాలుగు మాటలూ వరసగా కొట్టేశాడు, అక్కడి హెస్తోర్ ఆ వరస చూసి చివరి మాటే ఇంటిపేరు అనుకుని ఫారం నింపేశాడు, నేను స్పానిష్‌లో ఉన్న ఫారం చదవకుండా ఓకే అన్నా. స్పెయిన్ కంప్యూటర్ దృష్టిలో మేం ఇద్దరు వేర్వేరు మనుషులం. ఒక మనిషికి ఒకే నంబర్ ఉండాలి, రెండున్నాయని తెలిశాక దాన్ని ఒకటి చేయించడానికి రెండుసార్లు ఆఫీసుకి తిరిగా, మొదటి నంబర్ మీద తెరిచిన బ్యాంక్ అకౌంట్ నెలన్నర ఆగిపోయింది, ఆ నెలన్నర అద్దె మా ఆయన అకౌంట్ నుంచే కట్టాం. ఊరికే ఉండి ఉంటే ఇవేవీ లేవు.

మరి విడిగా ఎవరికి కావాలి

వీసా లేకుండా లేదా వీసాకి సంబంధం లేకుండా స్పెయిన్‌లో ఏదైనా పని ఉన్నవాళ్ళకి. ఇల్లు కొంటున్నవాళ్ళు, కంపెనీలో వాటా తీసుకుంటున్నవాళ్ళు, లండన్‌లోనో డబ్లిన్‌లోనో సెటిలై అక్కడి పాస్‌పోర్ట్ తీసుకున్న మనవాళ్ళు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో దారి.

మొదటిది కాన్సులేట్. ఇండియాలో అయితే మీ అడ్రస్‌ని బట్టి స్పెయిన్ ఎంబసీ లేదా కాన్సులేట్‌లో అప్లై చేయొచ్చు. ఈఎక్స్-15 అనే ఫారం, పాస్‌పోర్ట్ ఒరిజినల్, కాపీ, నంబర్ ఎందుకు కావాలో చూపించే కాగితం, ఫీజు. ఫారంలో కారణం దగ్గర ఆర్థికం, వృత్తి, సామాజికం అని మూడు గడులు ఉంటాయి, ఒట్టి టిక్కు పెట్టి వదిలేస్తే కుదరదు, ఇల్లు కొంటున్నా అని రాస్తే ఇంటి రిజర్వేషన్ కాంట్రాక్ట్ కూడా జత చేయాలి. వాళ్ళు దాన్ని మాడ్రిడ్‌లోని పోలీసు విభాగానికి పంపిస్తారు, కొన్ని వారాలకి నంబర్ ఉన్న సర్టిఫికెట్ ఈమెయిల్‌లో వస్తుంది. నెమ్మది దారే కానీ నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం, ఎందుకంటే పాస్‌పోర్ట్ చూసి పేరు ఎక్కించేది మీ ఎదురుగా ఉన్న మనిషి, తప్పుంటే అప్పుడే మీ భాషలో కాకపోయినా ఇంగ్లీష్‌లో అయినా చెప్పొచ్చు. రెండు మూడు నెలలు టైమ్ ఉంటే ఇంకేం ఆలోచించకండి.

రెండోది స్వయంగా వెళ్ళి ద్వీపంలోనే తీసుకోవడం. నంబర్ ఇచ్చేది నేషనల్ పోలీస్. తెనెరీఫేలో సాంతా క్రూజ్, దక్షిణాన ప్లాయా దే లాస్ అమేరికాస్, గ్రాన్ కనారియాలో లాస్ పాల్మాస్, మస్పలోమాస్, లాన్సరోతేలో అరెసీఫే, మయోర్కాలో పాల్మా, ఇలా టౌన్‌ని బట్టి స్టేషన్లు ఉంటాయి. ఒక చిన్న విషయం గుర్తు పెట్టుకోవాలి, కెనరీ ద్వీపాలన్నీ ఒకే జిల్లా కాదు. తెనెరీఫే, లా పాల్మా, లా గొమేరా, ఎల్ ఇయెర్రో ఒక ప్రావిన్స్, గ్రాన్ కనారియా, లాన్సరోతే, ఫ్వెర్తెవెంతూరా ఇంకో ప్రావిన్స్. మయోర్కా, మెనోర్కా, ఇబీసా వైపు అయితే మొత్తం కలిపి ఒకటే ప్రావిన్స్. వెబ్‌సైట్‌లో ముందు ప్రావిన్స్ ఎంచుకోమంటుంది, తెనెరీఫే కోసం లాస్ పాల్మాస్ నొక్కి "స్టేషన్ పేరే కనపడట్లేదేంటి" అని అర్ధరాత్రి నాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు.

కాగితాలు సులువే, కష్టం అంతా అపాయింట్‌మెంట్ దగ్గర. దాన్ని స్పానిష్‌లో సీతా ప్రేవియా అంటారు. మాడ్రిడ్ వైపు ఆ మొదటి అక్షరాన్ని నాలుక పళ్ళ మధ్య పెట్టి "థీత" అంటారు కానీ కెనరీ ద్వీపాల్లో మాత్రం శుభ్రంగా "సీత" అనే పలుకుతారు. మేం వచ్చిన కొత్తలో ఇంట్లో పొద్దున లేస్తే ఇదే మాట, సీత దొరికిందా, ఇంకా లేదు. మా మామయ్యగారు ఫోన్లో విని "లంకలో వెతికారా" అన్నారు. నవ్వులాటకి బానే ఉంటుంది కానీ "ప్రస్తుతం సీతలు ఖాళీ లేవు" అనే ఆ పేజీని రోజుకి పదిసార్లు చూస్తే నవ్వు రాదు.

స్లాట్లు ఎప్పుడు వదులుతారు అనేదానికి ఎవరి లెక్కలు వాళ్ళవి, సోమవారం పొద్దున అని ఒకరు, అర్ధరాత్రి అని ఒకరు. నేను చెప్పేది ఒకటే, ఇండియా నుంచి ప్రయత్నించేవాళ్ళు టైమ్ తేడా సరిగ్గా లెక్కేసుకోండి, కెనరీ గడియారం స్పెయిన్ మెయిన్‌లాండ్ కంటే గంట వెనక, చలికాలంలో తెనెరీఫేలో పొద్దున 9 అంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం రెండున్నర, వేసవిలో ఒకటిన్నర. మయోర్కా, ఇబీసా ఉన్న బలెయారిక్ ద్వీపాల వైపు అయితే హోటళ్ళు తెరిచే సీజన్ ముందు, అంటే మార్చి నుంచి మే దాకా, పనికోసం వచ్చేవాళ్ళంతా ఒకేసారి ఎగబడతారు, వీలైతే ఆ నెలలు తప్పించండి.

అపాయింట్‌మెంట్ ఫ్రీ. డబ్బు తీసుకుని స్లాట్ అమ్మేవాళ్ళ దగ్గరకి పోకండి, బాట్లు అనే కంప్యూటర్ ప్రోగ్రాములు పెట్టి స్లాట్లన్నీ లాగేసి అమ్ముకునే ముఠాల్ని స్పెయిన్ పోలీసులే 2023లో పట్టుకుని పదుల మందిని అరెస్ట్ చేశారు. మీ పాస్‌పోర్ట్ నంబర్ తప్పు కొట్టి బుక్ చేస్తే కౌంటర్ దగ్గర వెనక్కి పంపిస్తారు, కట్టిన డబ్బు సముద్రంలో పోసినట్టే.

ఇంక ఫీజు సంగతి. 790 ఫారం, కోడ్ 012, పోలీస్ వెబ్‌సైట్‌లో నింపి ప్రింట్ తీస్తే ఒకే ఫారం మూడు కాపీలు వస్తాయి, బ్యాంకుకి ఒకటి, ఆఫీసుకి ఒకటి, మీకొకటి. ఎన్ఐఈకి 10 యూరోల లోపే. పది యూరోలే కదా, పొద్దున అపాయింట్‌మెంట్‌కి వెళ్తూ దారిలో కట్టేద్దాం అనుకుంటారు చూడండి, అదే తప్పు. చాలా బ్రాంచిల్లో అకౌంట్ లేనివాళ్ళ దగ్గర ఇలాంటి ఫీజులు క్యాష్‌గా పొద్దున పూట కొన్ని గంటలే తీసుకుంటారు, కొన్ని చోట్ల వారంలో కొన్ని రోజులే. మా ఆయన 11 దాటి అయిదు నిమిషాలకి వెళ్తే ఆ కౌంటర్ ఆవిడ గోడ గడియారం వైపు చూపించి "మన్యానా" అంది, అంటే రేపు రమ్మని. వరసలో వెనకాల ఎవరూ లేరు, ఆవిడ చేతిలో కాఫీ కప్పు ఉంది, అయినా సరే. బార్‌కోడ్ చదివే ఏటీఎంలు కొన్ని బ్యాంకులకి ఉన్నాయి, కానీ ముందు రోజే కట్టేసుకుంటే ప్రాణానికి హాయి.

ఈ రెండో దారి ఎవరికి పనికొస్తుంది అంటే, వీసా లేకుండా వచ్చి 90 రోజులు ఉండగలిగే పాస్‌పోర్ట్ వాళ్ళకి. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద షెంగెన్ టూరిస్ట్ వీసా తీసుకుని, దానిలో ఇచ్చే పదో పదిహేనో రోజుల్లో సీత దొరికించుకుని, ఫీజు కట్టి, నంబర్ తీసుకుని వెళ్ళడం అంటే అదృష్టం మీద ఆధారపడటమే. చేసినవాళ్ళు లేకపోలేదు, నేనైతే చెప్పను.

మూడోది మనిషిని పెట్టుకోవడం. ఇండియా నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపించే పద్ధతి ఎంత పొడుగో పైన చెప్పా కదా. దానికంటే మంచి పద్ధతి ఒకటుంది, ఇది మా లండన్ అక్క దగ్గర నేర్చుకున్నా. ఆవిడది గుంటూరే, ఇప్పుడు బ్రిటిష్ పాస్‌పోర్ట్, గ్రాన్ కనారియాలో ఫ్లాట్ చూసుకోవడానికి వారం రోజులు వచ్చింది. ఆ వారంలో సీత దొరకలేదు. ఆవిడ ఏం చేసిందంటే వెళ్ళిపోయే ముందు రోజు అక్కడి నోటరీ దగ్గరికే వెళ్ళి లాయర్ పేరు మీద పవర్ రాసేసింది. పాస్‌పోర్ట్ చాలు, నంబర్ అక్కర్లేదు, స్పానిష్ రాదు కాబట్టి పక్కన ఒక ట్రాన్స్‌లేటర్‌ని కూర్చోబెట్టారు, గంటలో పని అయిపోయింది. స్పెయిన్ నోటరీ రాసిన కాగితం కాబట్టి అపోస్టిల్ లేదు, అనువాదం లేదు, కొరియర్ లేదు. లాయర్ ఆ పేపర్ పట్టుకుని తీరిగ్గా అపాయింట్‌మెంట్ తీసుకుని నంబర్ తెచ్చాడు, ఆవిడ లండన్‌లో తన పని తను చేసుకుంది. ఇల్లు చూడటానికి ఎలాగూ ఒక ట్రిప్ వేస్తారు కదా, ఆ ట్రిప్‌లోనే ఇది పెట్టేసుకుంటే సగం తలనొప్పి పోతుంది. ఆ పవర్‌లో "ఎన్ఐఈకి అప్లై చేయడానికి" అనే మాట స్పష్టంగా ఉండాలి, ఊరికే అన్ని పనులకీ అధికారం ఇస్తున్నా అంటే కౌంటర్‌లో ఒప్పుకోకపోవచ్చు.

హెస్తోర్ ఫీజు నన్ను అడిగినవాళ్ళు 150 నుంచి 300 యూరోల దాకా చెప్పారు. బిల్లులో టాక్స్ చూసి బెదరకండి, కెనరీ ద్వీపాల్లో మెయిన్‌లాండ్‌లో లాగా 21 శాతం వ్యాట్ ఉండదు, ఇహిక్ అని 7 శాతం ఉంటుంది, ఎవరైనా 21 వేస్తే ఎందుకు వేశారో అడగండి.

యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళ లెక్క వేరు. మాకు తెలిసిన డబ్లిన్ తమ్ముడు ఒకడున్నాడు, ఐరిష్ పాస్‌పోర్ట్, భార్యది ఇంకా ఇండియన్. అతను ఈఎక్స్-15 జోలికే పోలేదు. మూడు నెలలకి మించి ఉంటున్నాడు కాబట్టి ఈఎక్స్-18 ఫారంతో ఈయూ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు, ఉద్యోగం ఉన్నట్టో లేక డబ్బూ హెల్త్ ఇన్సూరెన్సూ ఉన్నట్టో చూపిస్తే ఒక ఆకుపచ్చ కాగితం ఇస్తారు, నంబర్ దాని మీదే ఉంటుంది. భార్యకి ఈఎక్స్-19, ఈయూ పౌరుడి కుటుంబ సభ్యుల కార్డు, అయిదేళ్ళది. వీళ్ళు ముందు ఎన్ఐఈ, తర్వాత రిజిస్ట్రేషన్ అని రెండు అపాయింట్‌మెంట్‌ల కోసం తిరగడం అనవసరం, వెంటనే ఉద్యోగంలో చేరాల్సిన అర్జంట్ ఉంటే తప్ప.

ఇక్కడ చిన్న కుళ్ళు కూడా వెళ్ళగక్కేస్తా. ద్వీపాల్లో రెసిడెంట్లకి మెయిన్‌లాండ్‌కీ, ద్వీపాల మధ్యా విమానం టికెట్ల మీద, ద్వీపాల మధ్య ఫెర్రీ టికెట్ల మీద 75 శాతం తగ్గింపు ఉంది. అది ఈయూ వాళ్ళకీ, వాళ్ళ కుటుంబ కార్డు ఉన్నవాళ్ళకీ, లాంగ్ టర్మ్ రెసిడెన్సీ వచ్చిన బయటివాళ్ళకీ వస్తుంది, నాలాగా మామూలు టీఐఈ ఉన్నవాళ్ళకి రాదు. ఆ తమ్ముడి భార్యా నేనూ ఒకే ఫెర్రీలో పక్కపక్కనే కూర్చుని వెళ్తాం, ఆ అమ్మాయిది పావు టికెట్, నాది ఫుల్ టికెట్.

పేరు సంగతి, దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటా

ఏ దారి పట్టినా తెలుగువాళ్ళకి దెబ్బ తగిలేది ఇక్కడే. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, ఒకటి నాన్న వైపు, ఒకటి అమ్మ వైపు. ఫారంలో మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు, పేరు అని మూడు గడులు. మనకి ఒకటే ఇంటిపేరు, అది కూడా కొందరి పాస్‌పోర్ట్‌లో ఉండదు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇనీషియల్‌తో ఉందని సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం గివెన్ నేమ్‌లో కుక్కేస్తారు. కౌంటర్‌లో కూర్చున్నాయన మీ పేరులో నాలుగు మాటలు చూడగానే అలవాటుగా చివరి రెండూ ఇంటిపేర్లు అనుకుంటాడు. లాస్ పాల్మాస్‌లో, సాంతా క్రూజ్‌లో సింధీ వ్యాపారులు వందేళ్ళకి పైగా ఉన్నారు కాబట్టి ఇండియన్ పేర్లు అక్కడివాళ్ళకి కొత్తేం కాదు, కానీ వెంకట సత్య నాగ దుర్గా ప్రసాద్ లాంటి పేరు వాళ్ళూ ఊహించి ఉండరు.

కాబట్టి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ అని ఉన్నది మొదటి ఇంటిపేరు గడిలో, రెండోది ఖాళీ, గివెన్ నేమ్ మొత్తం పేరు గడిలో, ఒక్క అక్షరం తేడా లేకుండా. రెండో గడి ఖాళీగా ఉంటే బాగోదని అమ్మ పుట్టింటి పేరు రాసినవాళ్ళని చూశా, దయచేసి వద్దు. అమ్మా నాన్న పేర్లు కూడా అడుగుతారు, అవి పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి. అంకెల్లో 1కి పైన చిన్న కొక్కెం, 7కి మధ్యలో అడ్డగీత పెట్టడం అక్కడి అలవాటు, మనం ఒట్టి గీత గీసి 1 అంటే, మామూలుగా 7 రాసి ఇస్తే ఒకదాన్ని ఇంకోటిగా చదివేస్తారు, అందుకే చేత్తో కాకుండా టైప్ చేసి తీసుకెళ్ళండి.

కాగితం చేతికొచ్చాక కౌంటర్ వదలకముందే చదవండి, పేరు, పుట్టిన తేదీ, దేశం. నంబర్ తర్వాత ఎక్కడైనా రాసుకున్నప్పుడు తప్పు పడిందేమో అని అనుమానం ఉంటే పరీక్షించడానికి ఒక చిట్కా ఉంది. మొదటి అక్షరం ఎక్స్ అయితే 0, వై అయితే 1, జెడ్ అయితే 2 అనుకుని, దాన్ని ఏడు అంకెల ముందు పెట్టి మొత్తాన్ని 23తో భాగించాలి, వచ్చిన శేషాన్ని బట్టి చివరి అక్షరం ఉంటుంది. ఉదాహరణకి వై 1234567 అంటే 11234567, 23తో భాగిస్తే శేషం 10, పదికి అక్షరం ఎక్స్. శేషానికి ఏ అక్షరమో పట్టిక ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మా అమ్మాయి స్కూల్ ఫారంలో నేను రెండంకెలు తారుమారు చేస్తే ఇలాగే పట్టుకున్నా.

వీసా మీద వచ్చేవాళ్ళు నంబర్ వదిలేసి దేని మీద టైమ్ పెట్టాలి

టీఐఈ మీద. దేశంలో అడుగుపెట్టిన నెల లోపు కార్డుకి అప్లై చేయాలి, ఈఎక్స్-17 ఫారం, మళ్ళీ అదే 790 కోడ్ 012 ఫీజు కానీ ఈసారి వేరే గడి, 32 బై 26 మిల్లీమీటర్ల ఫొటో, వేలిముద్రలు. మన పాస్‌పోర్ట్ ఫొటో సైజు దీనికి పనికిరాదు, ఇండియా నుంచి డజను ఫొటోలు తీయించుకుని తెచ్చిన ఘనత మాది. కొన్ని ఆఫీసుల్లో మునిసిపాలిటీ దగ్గర అడ్రస్ నమోదు చేయించుకున్న కాగితం, ఎంపద్రొనమియెంతో అంటారు, అది కూడా అడుగుతారు, దానికి అద్దె అగ్రిమెంట్ కావాలి, అంటే ఇల్లు కుదిరితే తప్ప ఏదీ కదలదు. వేలిముద్రలయ్యాక ఒక రసీదు ఇస్తారు, అది భద్రం, కార్డు నెలా నెలన్నరకి వస్తుంది, తీసుకోవడానికి కూడా చాలా చోట్ల ఇంకో సీత.

మొన్న మెసేజ్ పెట్టిన ఫ్యామిలీ తెనాలి నుంచి, నాన్ లుక్రేటివ్ వీసాకి సిద్ధమవుతున్నారు, నెలకి 2400 యూరోలు చొప్పున ఏడాదికి, పైన ఒక్కో మనిషికి ఇంకో 600 చూపించాలి కాబట్టి డబ్బు లెక్కల్లో మునిగి ఉన్నారు. ఎవరో ముందే ఎన్ఐఈ చేయించుకోమన్నారట, మనిషికి 180 యూరోలు, నలుగురికి. నేను పాస్‌పోర్ట్ ఫొటోలు పంపమన్నా. ఆయనకి సర్‌నేమ్ ఉంది, ఆవిడకి ఖాళీ, పెద్దబ్బాయికి నాన్న పేరే సర్‌నేమ్‌గా పడింది, పాపకి ఇంటిపేరు ఉంది కానీ స్పెల్లింగ్ వేరు. ఆ 720 యూరోలు జేబులోనే పెట్టుకుని ముందు విజయవాడ వెళ్ళి నలుగురి పాస్‌పోర్ట్‌లూ రీ ఇష్యూకి పెట్టమన్నా, స్లాట్ వచ్చే మంగళవారానికి దొరికిందట.